ఆ కండువా మీ మెడకు వద్దు

"సార్, ఐదు నిమిషాలు వచ్చి కనిపించి వెళ్లండి చాలు. ఫొటోలు కూడా ఉండవు." ఎన్నికల ముందు ఇలాంటి ఫోన్ ఒకటి వస్తుంది. చేసేవాడు పరాయివాడు కాదు. బావమరిదో, కలిసి చదువుకున్నవాడో, మొన్నటి బదిలీల్లో మాట సాయం చేసినవాడో అయివుంటాడు. వెళ్తే ఐదు నిమిషాల్లో తెమలదు. ఫొటోలూ ఉంటాయి. మర్నాటికల్లా వాటిలో ఒకటి కలెక్టరేట్‌కు చేరుతుంది.

టీచర్లకు, పంచాయతీ కార్యదర్శులకు, సచివాలయ సిబ్బందికి, అంగన్‌వాడీ టీచర్లకు, ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లకు, రెవెన్యూ, పోలీసు, విద్యుత్ సిబ్బందికి, అందరికీ ఈ మాట చెప్పాలనే ఇది రాస్తున్నాం. మీరు తప్పుడు మనుషులని కాదు. మీలో చాలామందికి పార్టీ పిచ్చి కూడా లేదు. ఉన్నదల్లా మొహమాటం. ఇన్నేళ్లుగా చూస్తున్నాం, ఈ వ్యవహారంలో చిన్న ఉద్యోగులను ముంచుతున్నది ఆ మొహమాటమే.

సిద్దిపేటలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2024 ఏప్రిల్. లోక్‌సభ ఎన్నికల కోడ్ అమల్లో ఉంది. ఓ ఫంక్షన్ హాల్లో ఓ అభ్యర్థి సమావేశం. దానికి వెళ్లారన్న కారణంతో 106 మందిని సస్పెండ్ చేశారు. వాళ్లలో 38 మంది సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లు, 68 మంది ఉపాధి హామీ వాళ్లు. ఊరూరా తిరిగి మహిళా సంఘాల లెక్కలు, కూలీల మస్టర్లు చూసుకునేవాళ్లే అంతా. ఎవరెవరు వచ్చారో సీసీ కెమెరాలు చూసి తేల్చారు. ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ అభ్యర్థి అంతకు ముందు అదే జిల్లాకు కలెక్టరుగా పనిచేసినవారు. పాత బాస్ పిలిస్తే ఎలా కాదంటాం అని ఆ హాల్లో ఎంతమంది అనుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు. కానీ సస్పెన్షన్ ఉత్తర్వులో మొహమాటానికి గడి ఉండదు.

నియమం ఏమంటుందో సూటిగా చెప్పుకుందాం. రాష్ట్ర ఉద్యోగులకు 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ఉంది, అందులో 19వ నియమం రాజకీయాల గురించే. తెలంగాణ ఏర్పడ్డాక అక్కడా అదే నియమావళి కొనసాగింది. కేంద్ర ఉద్యోగులకు అదే ఏటి మరో నియమావళిలో 5వ నియమం. సారాంశం రెండింటిదీ ఒకటే. పార్టీ సభ్యత్వం తీసుకోకూడదు. పార్టీతో మరో విధంగానూ సంబంధం పెట్టుకోకూడదు. చందా ఇవ్వకూడదు. ఏ రకమైన సాయమూ చేయకూడదు. శాసనసభకు గాని, పార్లమెంటుకు గాని, స్థానిక సంస్థకు గాని జరిగే ఎన్నికలో ప్రచారం చేయకూడదు, పలుకుబడి వాడకూడదు. ఓటు మాత్రం మీ హక్కు, దాన్ని ఎవరూ కాదనరు. అయితే ఎవరికి వేశారో, ఎవరికి వేయబోతున్నారో బయటపెట్టకూడదు. కేంద్ర నియమంలో ఇంకా స్పష్టంగా ఉంది. ఒంటి మీద గాని, బండి మీద గాని, ఇంటి మీద గాని ఎన్నికల గుర్తు ప్రదర్శిస్తే అది పలుకుబడి వాడినట్టే లెక్క. స్కూటర్ మీద చిన్న స్టిక్కర్ కూడా ఈ లెక్కలోకి వస్తుంది.

ఇంత స్పష్టంగా ఉన్నా మనవాళ్లు కొన్ని భ్రమలు పెంచుకున్నారు. అవే అసలు ప్రమాదం.

మొదటి భ్రమ, కోడ్ లేదు కదా అన్నది. ఎన్నికల కోడ్ షెడ్యూల్ ప్రకటించిన రోజు మొదలై ఫలితాలతో ముగుస్తుంది. ప్రవర్తనా నియమావళి అలా కాదు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ అందుకున్న రోజు మొదలై రిటైరయ్యే దాకా నడుస్తుంది. సెలవులో ఉన్నా, ఆదివారమైనా, అత్తగారి ఊళ్లో ఉన్నా మీరు ఉద్యోగులే. కోడ్ ఉన్నప్పుడు అందరూ కళ్లు పెట్టుకుని చూస్తారు కాబట్టి త్వరగా దొరుకుతారు, అంతే తేడా.

రెండోది మరీ మోసపూరితమైనది. గ్రామ పంచాయతీ ఎన్నికలు మన రెండు రాష్ట్రాల్లోనూ పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. కాబట్టి ఇది రాజకీయం కాదు, మా ఊరి వ్యవహారం అనుకుంటారు. మా పిన్ని కొడుకు వార్డుకు నిలబడితే నాలుగిళ్లకు వెంట వెళ్తే తప్పేమిటి అంటారు. నియమంలో స్థానిక సంస్థలన్న మాట ఉండనే ఉంది. పార్టీ గుర్తు లేకపోవడం మిమ్మల్ని కాపాడదు. పైగా ఊళ్లో ఓడిపోయిన వర్గం గుర్తుపెట్టుకున్నంతగా ఏ రాష్ట్ర పార్టీ గుర్తుపెట్టుకోదు. మూడు ఓట్ల తేడాతో ఓడినవాడు ఆ మూడు ఓట్లూ ఎవరు తిప్పారో ఐదేళ్లు వెతుకుతూనే ఉంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా ఎన్నికైన పంచాయతీలకు ఐదేళ్లే గడువు. అంటే ఈ ముప్పు ఎప్పుడో రాబోయేది కాదు.

మూడో భ్రమ, నేను పర్మినెంటు కాదు కదా అన్నది. తమ్ముడూ, అందుకే నువ్వు ఎక్కువ భయపడాలి. సిద్దిపేటలో పడిన దెబ్బ ఎవరి మీద పడిందో పైన చెప్పుకున్నాం. పర్మినెంటు ఉద్యోగికి రాజ్యాంగం 311వ అధికరణ రక్షణ ఉంది. అభియోగం చెప్పి, విచారణ జరిపి, అతని వాదన వినకుండా తీసేయడం కుదరదు. కాంట్రాక్టు వాళ్లకు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు అంత గట్టి గోడ లేదు. గడువు తీరాక రెన్యువల్ చేయకపోతే చాలు, కారణం కూడా రాయనక్కర్లేదు. జీతం సగం, ముప్పు రెట్టింపు. ఇది అన్యాయమే, దాని మీద వేరే పోరాడాలి. కానీ ఈ ఎన్నికల్లో నిన్ను నువ్వు కాపాడుకోవడానికి ఆ పోరాటం ముగిసేదాకా ఆగలేవు.

నాలుగోది ఫోన్‌లో ఉంది. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది కదా అని నాయకుడి పుట్టినరోజుకు ఫొటో పెడతారు. దాన్ని స్క్రీన్‌షాట్ తీయడానికి ఒక్క నిమిషం చాలు. తీసేది శత్రువే కానక్కర్లేదు, ఆ మండలంలో మీ పోస్టు కోసం చూస్తున్న సహోద్యోగి కావచ్చు. వాళ్లనూ వీళ్లనూ తిట్టే వీడియోలు ఫార్వర్డ్ చేయడం, పార్టీ గ్రూపుకు అడ్మిన్‌గా ఉండటం, "ఈసారి మనదే" అని కామెంట్ పెట్టడం, వేలుకు సిరాచుక్కతో దిగిన సెల్ఫీ కింద పార్టీ జెండా బొమ్మ పెట్టడం, ఇవన్నీ మీ పేరుతో, మీ నంబరుతో, తేదీతో సహా మీరే రాసి ఇచ్చిన వాంగ్మూలాలు. గతంలో సాక్షి కావాల్సి వచ్చేది. ఇప్పుడు మీకు మీరే సాక్షి. చందా సంగతీ అంతే. 500 రూపాయలు ఫోన్‌పేలో పంపితే అది మీ బ్యాంకు ఖాతాలో ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది.

కొన్నిసార్లు మీరు ఏమీ చేయకుండానే మీ పేరు ఎక్కుతుంది. ఎమ్మెల్యే పుట్టినరోజు ఫ్లెక్సీ మీద శుభాకాంక్షలు తెలిపేవారు అని మీ ఫొటో, హోదాతో సహా వేయిస్తారు. మీ మీద ప్రేమతోనే వేయిస్తారు. చూసిన వెంటనే తీయించండి. తీయించమని మెసేజ్ పెట్టి ఆ మెసేజ్ దాచుకోండి. నవ్వి ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అర్థం చేసుకుంటారు. కార్తీక మాసం కుల సంఘం వనభోజనాలు కూడా ఇలాంటివే. ఉసిరి చెట్టు కింద భోజనానికి పిలుస్తారు. పులిహోర వడ్డన అయ్యేసరికి మైకు వస్తుంది, మైకుతో పాటు ఫలానావారికి మన ఓట్లన్నీ అనే తీర్మానం వస్తుంది. అప్పుడు లేచి చేతులు కడుక్కోండి. ఇంటికి వెళ్లండి. ఎవరైనా అడిగితే డ్యూటీ అనండి.

బహిరంగ సభ దారిలో ఆగి కాసేపు విన్నంత మాత్రాన తప్పు కాదు. బహిరంగమైన సభ అయి, నిషేధాజ్ఞలు లేకుండా, మీరు మాట్లాడకుండా, నిర్వహణలో వేలు పెట్టకుండా ఉంటే అది పాల్గొన్నట్టు కాదని కేంద్రం ఏనాడో తన ఉద్యోగులకు వివరించింది. అదే పనిగా ఒకే పార్టీ సభలకు వెళ్తుంటే మాత్రం అనుమానం వస్తుందని కూడా ఆ వివరణలోనే ఉంది. వినడానికి ఇప్పుడు టీవీ ఉంది, ఫోన్ ఉంది. ఆ ఎండలో నిలబడాల్సిన అవసరమేమిటో మాకైతే అర్థం కాదు.

అసలు వేరు ఎక్కడుందో చెప్పకపోతే ఈ హెచ్చరిక సగమే అవుతుంది. అది సిఫార్సు లేఖలో ఉంది. బదిలీల కాలం రాగానే ఎమ్మెల్యే లెటర్ ఉందా అని అడగడం మనకు మామూలైపోయింది. భార్య ఒక జిల్లాలో, భర్త ఒక జిల్లాలో ఉద్యోగం చేస్తుంటారు. పిల్లవాడు తాతగారింట్లో పెరుగుతుంటాడు. న్యాయంగా రావాల్సిన బదిలీయే. అయినా లేఖ కావాలంటారు. తెచ్చుకుంటారు. పై అధికారుల మీద రాజకీయ ఒత్తిడి తేవడం కూడా ప్రవర్తనా నియమావళి కింద తప్పే, కేంద్ర నియమావళిలో 20వ నియమం దానికోసమే ఉంది. ఆ తప్పు ఎవరూ పట్టించుకోరు గానీ ఆ లేఖ ఒక అప్పు పత్రం. వడ్డీ ఎన్నికల్లో వసూలు చేస్తారు. మొదట ఊళ్లో లబ్ధిదారుల జాబితా అడుగుతారు. తర్వాత ఫోన్ నంబర్లు. తర్వాత ఫలానా ఇంటికి పింఛను ఆపమంటారు. అప్పటికి మీరు కాదనలేని చోటికి వచ్చేసి ఉంటారు. అందుకే మొదటి మెట్టు దగ్గరే కాస్త కష్టపడండి. కౌన్సెలింగ్ ద్వారా వచ్చేది కౌన్సెలింగ్ ద్వారానే తెచ్చుకోండి. ఆలస్యమైనా ఫర్వాలేదు. ప్రజల వివరాలు ఎవరు అడిగినా, ఎంత చిన్న జాబితా అయినా, రాతపూర్వక ఉత్తర్వు లేకుండా ఇవ్వకండి.

ఇంట్లో వాళ్ల సంగతి చాలామంది అడుగుతుంటారు. భార్య సర్పంచి పదవికి నిలబడవచ్చా? నిలబడవచ్చు. ఆమె పౌరురాలు, ఆమె హక్కు ఆమెది. మీరు ఉద్యోగి కావడం వల్ల ఆమెకు రాజకీయం నిషిద్ధం కాదు. కుటుంబ సభ్యుల విషయంలో నియమం అడ్డుకోమనేది ప్రభుత్వాన్నే కూలదోసే కార్యకలాపాలను, మామూలు పోటీని కాదు. ప్రమాదం ఆమె వల్ల రాదు, మీ వల్ల వస్తుంది. నామినేషన్ రోజు ఆమె పక్కన నిలబడి చేతులు జోడించారా, అది ప్రచారం. రాత్రిపూట వీధి పెద్దలతో కూర్చుని లెక్కలు వేశారా, అదీ ప్రచారమే. గెలిచాక ఆమె కుర్చీలో మీరు కూర్చుంటే అది ఇంకో పెద్ద తప్పు, దాని గురించి మరోసారి. ఆమె పోటీ చేస్తున్నారని మీ పై అధికారికి ముందే రాసి ఇవ్వండి. ఎన్నికల డ్యూటీ ఆ చుట్టుపక్కల వేయవద్దని కూడా అందులోనే అడగండి.

పోలింగ్ డ్యూటీ పడ్డవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ శాఖాపరమైన చర్యతో సరిపోదు, జైలు శిక్ష ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 129వ సెక్షన్ కింద, ఎన్నికల విధుల్లో ఉన్నవారు తమ ఓటు వేయడం తప్ప ఏ అభ్యర్థికి మేలు జరిగే పని చేసినా 6 నెలల వరకు జైలు. పోలీసు సిబ్బంది ఎవరినైనా ఇటు వేయమని, అటు వేయవద్దని ఒత్తిడి చేసినా అంతే. 134ఎ కింద, ప్రభుత్వ ఉద్యోగి ఏదైనా అభ్యర్థికి పోలింగ్ ఏజెంటుగానో, కౌంటింగ్ ఏజెంటుగానో, ఎన్నికల ఏజెంటుగానో కూర్చుంటే 3 నెలల వరకు. ఊళ్లో మనిషి దొరకలేదు, నువ్వే కూర్చో అన్నా అని ఆఖరి నిమిషంలో చీటీ చేతిలో పెడతారు. తీసుకోకండి. ఆ చీటీ మీద మీ సంతకం ఉంటుంది, ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు.

పోస్టల్ బ్యాలెట్ మరో ఉచ్చు. ఓటుకు ఇంత అని ఉద్యోగుల దగ్గరికే వచ్చే రోజులు వచ్చాయి. ఇచ్చినవాడితో పాటు తీసుకున్నవాడూ నేరస్థుడే. భారతీయ న్యాయ సంహిత కింద ఎన్నికల లంచానికి ఏడాది వరకు శిక్ష ఉంది. నిజంగా వేశానని రుజువు చూపించడానికి బ్యాలెట్ ఫొటో తీసి పంపమంటారు. ఆ ఫొటోతో మీ ఓటు రహస్యమే కాదు, మీ ఉద్యోగం కూడా వాళ్ల ఫోన్‌లోకి వెళ్తుంది. గెలిచిన తర్వాత కూడా వాళ్లు దాన్ని చెరిపేయరు.

ఒక ఉద్యోగి తొందరపాటు ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే దేశ చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 1971 రాయ్‌బరేలీ ఎన్నిక. ప్రధాని ఇందిరాగాంధీ కార్యాలయంలో యశ్‌పాల్ కపూర్ ప్రత్యేకాధికారి. జనవరి 13న రాజీనామా చేశానన్నారు. గెజిట్‌లో ప్రకటన వచ్చింది జనవరి 25న. ఆ మధ్య రోజుల్లో ఆయన ఎన్నికల పని చేశారు. ఇందిర చేతిలో ఓడిన రాజ్‌నారాయణ్ కోర్టుకెక్కారు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్‌లాల్ సిన్హా ప్రధాని ఎన్నికనే రద్దు చేశారు. గెజిటెడ్ అధికారి సాయం తీసుకోవడం అవినీతికర చర్య అన్నది అందులో ఒక కారణం, సభావేదికలకు ఉత్తరప్రదేశ్ అధికారుల సాయం తీసుకోవడం మరో కారణం. ఆ తర్వాత చట్టాన్నే మార్చారు. మారిన చట్టం ప్రకారం అదే ఏడాది నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. ప్రధానమంత్రికి చట్టం మార్చుకునే వీలుంది. ఆమె 1980లో మన మెదక్ నుంచి గెలిచి మళ్లీ ప్రధాని అయ్యారు కూడా. జూనియర్ అసిస్టెంటు కోసం ఏ పార్లమెంటూ చట్టం మార్చదు.

నిజంగానే రాజకీయాల్లోకి వెళ్లాలనుకునేవాళ్లు ఈ తేదీల లెక్కను మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. వెళ్లడం తప్పు కాదు, మంచివాళ్లు వెళ్లాలనే కోరుకుంటాం. కానీ రాజీనామా పత్రం ఇచ్చినంత మాత్రాన ఉద్యోగం పోయినట్టు కాదు, ఆమోదించి రిలీవ్ చేయాలి. మధ్యప్రదేశ్ డిప్యూటీ కలెక్టర్ నిశా బాంగ్రే 2023 జూన్‌లో రాజీనామా చేశారు. ఆమోదం అక్టోబర్ ఆఖరు వారానికి గాని రాలేదు, అప్పటికి ఆమె ఆశించిన టికెట్ ఇంకొకరికి వెళ్లింది. మన దగ్గర 2019లో గోరంట్ల మాధవ్ పోలీసు ఉద్యోగం వదిలి హిందూపురం లోక్‌సభకు నామినేషన్ వేయడానికి ట్రైబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆయన గెలిచారు. అందరి కథా అలా ముగియదు. ఎన్నికలకు కనీసం ఆరు నెలల ముందే నిర్ణయం తీసుకోండి. ఆమోదం కాగితం చేతికొచ్చే దాకా కండువా కప్పుకోకండి.

2024లో వచ్చిన ఇంకో గందరగోళం కూడా తీర్చుకోవాలి. కేంద్ర ఉద్యోగులు ఆర్ఎస్ఎస్ కార్యక్రమాల్లో పాల్గొనకూడదని 1966 నుంచి ఉన్న ఆంక్షను ఆ ఏడాది జూలై 9న తొలగించారు. దాంతో ఇక అన్నీ ఒప్పుకున్నట్టే అని కొందరు అనుకున్నారు, కొందరు అలా ప్రచారమూ చేశారు. తీసింది ఆ ఒక్క సంస్థ పేరు. పార్టీల మీద, ఎన్నికల మీద ఉన్న 5వ నియమం చెక్కుచెదరలేదు. పైగా అది కేంద్ర ఉద్యోగులకు ఇచ్చిన ఉత్తర్వు, రాష్ట్ర ఉద్యోగులు దాన్ని చూపి తప్పించుకోలేరు.

ఇదంతా చదివి మమ్మల్ని నోరు మూసుకోమంటారా అని మీకు కోపం రావచ్చు. రావాలి కూడా. మీరు ఆలోచించడం మానేయాలని ఎవరూ అనలేరు. కోర్టులు మీ పక్షాన గట్టిగానే మాట్లాడాయి. ఉద్యోగులు ఏ రకమైన ప్రదర్శనా చేయకూడదన్న బిహార్ నియమాన్ని సుప్రీంకోర్టు 1962లోనే కొట్టేసింది. మధ్యప్రదేశ్‌లో ఓ ఉపాధ్యాయుణ్ణి, ఉద్యోగంలోకి రాకముందు ఫలానా సంస్థల్లో తిరిగాడని పోలీసులు రిపోర్టు ఇస్తే తీసేశారు. అది చెల్లదని 1983లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది మన అనంతపురం జిల్లా బిడ్డ, జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. త్రిపురలో ఓ మత్స్యశాఖ ఉద్యోగినిని ఒక రాజకీయ కార్యక్రమంలో కనిపించారని, ఫేస్‌బుక్‌లో ఏదో రాశారని, రిటైర్‌మెంట్‌కు కొద్ది రోజుల ముందు సస్పెండ్ చేశారు. సభలో ఉన్నంత మాత్రాన పాల్గొన్నట్టు కాదని, ఉద్యోగికీ భావప్రకటన స్వేచ్ఛ ఉందని 2020 జనవరిలో అక్కడి హైకోర్టు ఆమెను గెలిపించింది.

ఆమె గెలిచారు, నిజమే. 2018లో మొదలైన తగువు 2020లో తేలింది. రిటైరైన మనిషి, పింఛను చూసుకుని విశ్రాంతిగా ఉండాల్సిన ఆ రోజులను లాయరు ఆఫీసులో గడిపారు. హక్కు ఉండటం ఒకటి, ఆ హక్కు కోర్టులో రుజువయ్యే దాకా ఇల్లు గడవడం ఇంకొకటి. సస్పెన్షన్ శిక్ష కాదని రూల్సులో రాసి ఉంటుంది. అనుభవించినవాళ్లను అడగండి. జీతం ఆగిపోయి దాదాపు సగం మేరకు జీవన భృతి వస్తుంది. ఇంటి లోను కంతు మాత్రం సగం కాదు. అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్ దాటకూడదు. ప్రమోషన్ ఆగుతుంది, మీ తర్వాతివాళ్లు మీ పై అధికారులవుతారు. ఛార్జ్ మెమో వస్తుంది, జవాబు రాయాలి, విచారణాధికారి మారిపోతాడు, ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో పెళ్లి సంబంధం వచ్చినప్పుడు అవతలివాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

ప్రభుత్వం మారినప్పుడు ఏమవుతుందో వేరే చెప్పాలా? మీరు ఐదేళ్ల కోసం ఒక వర్గం మనిషి అయ్యారు. మీకు ముప్పై ఏళ్ల సర్వీసు ఉంది. అంటే ఆరు ప్రభుత్వాల కింద పనిచేయాలి. అందులో కొన్నయినా అవతలి వర్గానివే అవుతాయి. అప్పుడు పాత ఫొటోలు బయటికొస్తాయి. మిమ్మల్ని సభకు పిలిచిన నాయకుడు హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. 2024 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో వలంటీర్ల సంగతి చూశాం. ఎన్నికల సంఘం వాళ్లను పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచింది. ప్రచారంలో తిరిగినందుకు ఎంతోమందిని తొలగించారు, ఇంకెంతోమంది రాజీనామాలు చేశారు. చివరికి వీధిన పడింది ఎవరో అందరికీ తెలుసు.

ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు ఉద్యోగులు రాజకీయ డిమాండుతోనే బయటికి రాలేదా అని కొందరు అడుగుతారు. వచ్చారు. అది ఒక ప్రాంతం మొత్తం కదిలిన సందర్భం. లక్షల మంది కలిసి కదిలితే ప్రభుత్వాలు చర్చలకు పిలుస్తాయి, కేసులు ఎత్తేస్తాయి. మీరు ఒక్కరే ఓ ఫంక్షన్ హాల్లో దొరికితే చర్చలకు ఎవరూ పిలవరు.

మరి ఎలా కాదనాలి? దీనికి ఆ నియమమే మీకు గొడుగు. "నాకిష్టం లేదు" అంటే అవతలివాడికి కోపం వస్తుంది. "రూల్ ఒప్పుకోదన్నా, ఉద్యోగం పోతుంది, పిల్లలున్నారు" అంటే ఎంతటివాడూ గట్టిగా పట్టుబట్టలేడు. అన్ని పార్టీల వాళ్లకూ అదే మాట చెప్పండి. ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే అది గొడుగు కాదు, జెండా. ఒత్తిడి పై అధికారి నుంచే వస్తే నోటి మాటకు తల ఊపకండి. ఏ డ్యూటీ మీద వెళ్లాలో రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. సాధారణంగా రాసి ఇవ్వరు, విషయం అక్కడితో ముగుస్తుంది. కోడ్ ఉన్న రోజుల్లో బెదిరింపులు ఎక్కువైతే ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్ ఉంది, 1950 నంబరు ఉంది, మీ రిటర్నింగ్ అధికారి ఉన్నారు. తేదీ, సమయం, ఎవరు ఏమన్నారు అని ఆ రోజే ఒక కాగితం మీద రాసుకోండి.

పై అధికారులకు ఒక మనవి. మీ కింద పనిచేసేవాళ్లు మిమ్మల్ని చూసే నడుచుకుంటారు. మంత్రిగారి పాదాలకు మీరు వంగితే అటెండరు పూర్తిగా సాష్టాంగపడతాడు. సంఘాల నాయకులకు ఇంకో మనవి. పీఆర్సీ ప్రకటించారని నాయకుల చిత్రపటాలకు పాలాభిషేకాలు చేసేటప్పుడు మీ వెనుక నిలబడిన ఉద్యోగుల ముఖాలు కూడా కెమెరాలో పడతాయని మరచిపోకండి. మీకు రేపు టికెట్ రావచ్చు. వాళ్లకు మెమో వస్తుంది. పార్టీల వాళ్లకు చెప్పేదల్లా ఒక్కటే. మీకు కార్యకర్తలు వేలల్లో ఉన్నారు. జీతం మీద బతికేవాళ్లను వదిలేయండి.

ఇళ్లలో ఉన్నవారూ గమనించండి. మీ ఆయన గాని, మీ ఆవిడ గాని రాత్రిళ్లు కొత్త గ్రూపుల్లో మునిగిపోతున్నారా? ఆదివారాలు ఆఫీసు పని అని మండల నాయకుడి ఇంటికి వెళ్తున్నారా? బీరువాలో కండువా కనిపించిందా? గట్టిగా అడగండి. ఆ అడగడం వల్ల ఓ పూట మాటలు లేకపోయినా నష్టం లేదు.

ఇక ఈ రోజే చేయాల్సిన పని. ఫోన్ తెరవండి. పార్టీ పేరున్న ప్రతి గ్రూపు నుంచి బయటికి రండి. ప్రొఫైల్ ఫొటో చూసుకోండి. బండి మీద స్టిక్కర్ ఉంటే గీకేయండి. పోలింగ్ రోజున వెళ్లి, మీ మనసుకు నచ్చినవారికి ఓటేసి, ఎవరికి వేశారో ఎవరితోనూ అనకండి.